పోస్టు మీద కేసు: సెక్షన్ పోయింది, అలవాటు మిగిలింది

ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల తేడాతో జరిగిన రెండు అరెస్టులను పక్కపక్కన పెట్టి చూడాలి. 2021 మే 14న అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును హైదరాబాద్‌లోని ఇంటి నుంచి ఏపీ సీఐడీ పట్టుకెళ్లింది. తనను గెలిపించిన వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం మీదే ఆయన వరసబెట్టి వీడియోలు చేసేవారు. పెట్టిన కేసులో రాజద్రోహం సెక్షన్ కూడా ఉంది. వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. తర్వాత ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరి 26న సినీనటుడు పోసాని కృష్ణమురళిని అదే హైదరాబాద్‌లో ఆంధ్ర పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. చంద్రబాబు, పవన్ కల్యాణ్, లోకేశ్‌ల మీద ఆయన అన్న మాటలే ఆ కేసులకు మూలం. మొదటి కేసు అన్నమయ్య జిల్లాది. అందులో రిమాండ్ అయ్యాక నరసరావుపేట పోలీసులు పీటీ వారెంట్‌తో, అంటే జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో తమ కోర్టుకు తీసుకెళ్లే ఉత్తర్వుతో వచ్చారు. తర్వాత ఆదోని పోలీసులు, ఆ తర్వాత సీఐడీ. ఆయన గుంటూరు జైలు నుంచి బయటికి వచ్చేసరికి మార్చి 22 అయింది. అప్పటికి రఘురామకృష్ణరాజు రాష్ట్ర శాసనసభకు డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నారు.

ఈ ఇద్దరూ అన్న మాటలు ఒకే తరహావి కావు. పోసాని మాటల్లో చాలావాటిని ఇంట్లో పిల్లల ముందు వినిపించలేం. కానీ మాట నుంచి జైలు దాకా వేసిన దారి మాత్రం రెండు కేసుల్లోనూ ఒక్కటే. పార్టీలు మారినా ఆ దారి మారలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు భావప్రకటనా స్వేచ్ఛ గురించి గొంతు చించుకున్నవాళ్లే అధికారంలోకి వచ్చాక ఫిర్యాదుదారులవుతారు. దీన్ని కపటం అని తిట్టి వదిలేయడం తేలిక. అంతకంటే పట్టించుకోవాల్సిన సంగతి వేరే ఉంది. ఫిర్యాదు చేయడం అనేదే ఇప్పుడు సోషల్ మీడియా పోరులో ఒక ఎత్తుగడ అయిపోయింది. ఎఫ్‌ఐఆర్ కూడా ఒక పోస్టే. అందుకే ఏ సెక్షన్ రద్దయినా, ఏ చట్టం పేరు మారినా పరిస్థితిలో పెద్దగా తేడా కనిపించడం లేదు.

సెక్షన్ 66ఏ కథ చూస్తే ఈ విషయం తెలుస్తుంది. ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో వచ్చిన ఈ సెక్షన్ కింద, ఆన్‌లైన్‌లో ఎవరికైనా చిరాకు, అసౌకర్యం కలిగించినా మూడేళ్ల దాకా జైలు శిక్ష పడే వీలుండేది. చిరాకుకు చట్టంలో కొలత లేదు. 2012లో కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్ మమతా బెనర్జీ మీద వచ్చిన కార్టూన్‌ను ఈమెయిల్‌లో ఫార్వర్డ్ చేసి అరెస్టయ్యారు. ఆ కేసు నుంచి ఆయన పూర్తిగా బయటపడింది 2023లో. 2012 నవంబర్‌లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, ఆమె స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. దేశమంతా ముక్కున వేలేసుకుంది. శ్రేయా సింఘాల్ అనే యువతి ఆ సెక్షన్ చెల్లదని సుప్రీంకోర్టుకు వెళ్లింది అప్పుడే.

ఇందులో మన ప్రాంతం పాత్ర కూడా ఉంది. 2013 మేలో హైదరాబాద్‌కు చెందిన ఒక పౌరహక్కుల కార్యకర్తను, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద, చీరాల ఎమ్మెల్యే మీద పెట్టిన పోస్టు విషయంలో అరెస్టు చేశారు. ఆ అరెస్టు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడే, పై స్థాయి పోలీసు అధికారి అనుమతి లేకుండా 66ఏ కింద ఎవరినీ అరెస్టు చేయొద్దని కోర్టు ఆదేశించింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ధర్మాసనం ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. కేరళ పోలీసు చట్టంలోని ఇలాంటి సెక్షన్ ఒకటి కూడా ఆ తీర్పులోనే పోయింది. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని సమర్థించడం వేరు, జనాన్ని రెచ్చగొట్టడం వేరు, మాట ఆ మూడో దశకు చేరితేనే రాజ్యం అడ్డుకోవచ్చు అని ఆ తీర్పు తేల్చింది. ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

తీర్పు వచ్చింది కానీ స్టేషన్ దాకా చేరలేదు. లేని సెక్షన్ కింద పోలీసులు కేసులు రాస్తూనే పోయారు. తీర్పు ప్రతులను అన్ని హైకోర్టులకు, రాష్ట్ర ప్రభుత్వాలకు పంపాలని 2019లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. 2021లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ మళ్లీ కోర్టుకు వెళ్లి, 11 రాష్ట్రాల్లో ఇంకా 745 కేసులు నడుస్తున్నాయని లెక్క చూపించింది. న్యాయమూర్తులు దిగ్భ్రాంతి చెందారు. కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. 2022 అక్టోబర్‌లో మరో ధర్మాసనం, ఈ సెక్షన్ కింద ఎవరినీ విచారించడానికి వీల్లేదని ఇంకోసారి ఆదేశించింది. రద్దయిన సెక్షన్‌ను ఆపడానికి ఏడేళ్లు పట్టిందన్నమాట. కేరళ ప్రభుత్వమైతే 2020 నవంబర్‌లో అలాంటిదే మరో సెక్షన్‌ను ఆర్డినెన్స్ ద్వారా తెచ్చి, విమర్శలు రావడంతో రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అప్పుడు ఆ ప్రభుత్వాన్ని నడిపింది వామపక్షం. ఈ రోగానికి పార్టీ భేదం లేదు.

ఇక 66ఏ లేకుండా ఇప్పుడు కేసులు ఎలా పెడుతున్నారు? ఇక్కడ ఒక చిన్న చట్టపరమైన కిటుకు ఉంది. ఒక నాయకుణ్ని అవినీతిపరుడని అన్నారనుకుందాం. అది నిజం కాకపోతే పరువు నష్టం. పరువు నష్టం కేసులో పోలీసులు తమంతట తాము ఎఫ్‌ఐఆర్ రాసి అరెస్టు చేయడానికి వీల్లేదు. బాధపడిన వ్యక్తి మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లి ప్రైవేటు ఫిర్యాదు చేసుకోవాలి. అంటే నాయకుడు కోర్టుకు రావాలి, సాక్ష్యం చెప్పాలి, ఎదుటి లాయర్ అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. ఇంత శ్రమ ఎవరు పడతారు? కాబట్టి అదే పోస్టును వర్గాల మధ్య వైషమ్యం పెంచే నేరంగా చూపిస్తారు. పాత శిక్షాస్మృతిలో అది 153ఏ, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 196. దాని పక్కన పుకార్లతో ద్వేషం రెచ్చగొట్టే 353(2) కూడా చేరుస్తారు. ఈ రెండూ నాన్‌బెయిలబుల్. పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. ఫిర్యాదు చేయడానికి నాయకుడు రానక్కర్లేదు, ఏ ఊరి కార్యకర్త అయినా ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని రాసిస్తే చాలు.

కానీ ఒక పార్టీ అభిమానులు చట్టం దృష్టిలో ‘వర్గం’ అవుతారా? ఆ సెక్షన్ చెప్పేది మతం, జాతి, భాష, కులం, ప్రాంతం లాంటి ప్రాతిపదికల మీద ఏర్పడిన సమూహాల గురించి. పైగా నేరం రుజువు కావాలంటే కనీసం రెండు సమూహాల ప్రస్తావన ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. బిలాల్ అహ్మద్ కాలూ కేసు అది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అందులో ప్రతివాది. దాదాపు మూడు దశాబ్దాల కిందట హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులో తేలిన సూత్రం హైదరాబాద్, విజయవాడ స్టేషన్లలో ఇప్పటికీ కొత్త విషయంలాగే ఉంది.

కేసు పుట్టే తీరును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ట్రెండ్‌కూ చట్టానికీ లంకె పడేది అక్కడే. ఒక పోస్టు వస్తుంది. దాన్ని చూసినవాళ్లు మహా అయితే వందల్లో ఉంటారు. ప్రత్యర్థి పార్టీ సోషల్ మీడియా విభాగంలో ఒకరు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, డీజీపీనీ జిల్లా పోలీసు ఖాతానూ ట్యాగ్ చేసి, అరెస్టు చేయాలంటూ ఒక హ్యాష్‌ట్యాగ్ జోడిస్తారు. ముందే రాసిపెట్టిన ట్వీట్లు వాట్సాప్ గ్రూపుల్లో సిద్ధంగా ఉంటాయి, టైమ్ కూడా చెబుతారు. అందరూ ఒకేసారి పెడితే ట్రెండింగ్ జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్స్‌లో ట్రెండ్ అనేది ఎంతమంది అనుకుంటున్నారన్న దానికి కొలత కాదు, కొద్దిసేపట్లో ఎంత ఒక్కసారిగా గోల పుట్టిందన్న దానికి కొలత. అయినా టీవీ స్క్రోలింగ్‌లో అది ‘వెల్లువెత్తిన నిరసన’ అయిపోతుంది. పై నుంచి ఫోన్ వస్తుంది. ఇన్‌స్పెక్టర్‌కు టెన్షన్. శాంతిభద్రతల సమస్య వస్తుందేమో అన్న మాట ఎఫ్‌ఐఆర్‌లో చేరుతుంది. వంద మంది చూసి మరిచిపోయేదాన్ని లక్షల మందికి చూపించింది ఫిర్యాదు చేసినవాళ్లే, కేసు మాత్రం రాసినవాడి మీద.

ఎఫ్‌ఐఆర్ కాపీ బయటికి రాగానే అది ఇంకో పోస్టు. అరెస్టు వీడియో ఇంకోటి. వీటన్నిటికంటే బాగా తిరిగేది క్షమాపణ వీడియో. తల వంచుకుని, చేతులు కట్టుకుని, ‘తెలియక పెట్టాను, ఇంకోసారి పెట్టను’ అని ఒకడు చెబుతుంటాడు. ఎవరు తీశారో తెలియదు, నేపథ్యంలో గోడ మాత్రం స్టేషన్ గోడలా ఉంటుంది. సినిమా హీరోల అభిమానుల గొడవల్లో మొదలైన ఈ తంతు రాజకీయాల్లోకి నేరుగా నడిచి వచ్చింది. కోర్టు ఇంకా విచారణే మొదలుపెట్టలేదు, శిక్ష మాత్రం లైకులతో సహా అమలైపోయింది. చట్టంలో ఎక్కడా లేని శిక్ష ఇది, అందువల్ల దీనికి అప్పీలు కూడా లేదు.

ఇది తెలుగు రాష్ట్రాలకే పరిమితం కాదు. 2025 మేలో కోల్‌కతా పోలీసులు గురుగ్రామ్ దాకా వెళ్లి ఒక లా విద్యార్థినిని పట్టుకొచ్చారు. ఆమె అప్పటికే వీడియో తీసేసి, సారీ చెప్పింది. అదే నెలలో హరియాణాలో ఒక విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఫేస్‌బుక్ పోస్టుకు అరెస్టయ్యారు. ఒకచోట తృణమూల్, ఇంకోచోట బీజేపీ. తెలంగాణలో అంతకు రెండు నెలల ముందు, ఒక పెద్దాయన ముఖ్యమంత్రిని తిడుతున్న వీడియోను ప్రసారం చేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులు జైలుకు వెళ్లారు. అక్కడ కాంగ్రెస్. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకేజీ మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు వేసిన గుంటూరు పెద్దావిడ ఒకరికి సీఐడీ నోటీసు ఇచ్చింది. అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్.

ఈ కేసుల్లో శిక్షలు పడుతున్నాయా అని అడిగితే అసలు ప్రశ్న తప్పిపోతుంది. శిక్ష పడాల్సిన అవసరం లేదు. ఫోన్‌ను సాక్ష్యంగా తీసుకుని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు, అది ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పరు. జీరో ఎఫ్‌ఐఆర్‌కు కొత్త చట్టంలో స్థానం దక్కాక ఫిర్యాదు ఎక్కడైనా ఇవ్వొచ్చు. దొంగతనానికో దాడికో గురైనవాళ్లకు అది మేలు చేసే మార్పే. కానీ హైదరాబాద్‌లో ఉన్న మనిషి పోస్టుకు అన్నమయ్య జిల్లాలోనూ ఆదోనిలోనూ కేసులు పెట్టడం అంతకుముందే అలవాటైన చోట, ఇది ఆ పనిని ఇంకాస్త సులువు చేస్తుంది. ఒకే ఘటన మీద రెండో ఎఫ్‌ఐఆర్ కుదరదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ప్రతి పోస్టునూ, ప్రతి ప్రెస్ మీట్‌నూ వేరే ఘటన అంటే ఆ అడ్డంకీ తొలగిపోతుంది. తిప్పడమే శిక్ష.

తెలుగువాళ్లకు ఇందులో అదనపు భయం ఒకటుంది. ప్రతి వీధిలోనూ అమెరికాకో, గల్ఫ్‌కో వెళ్లాలనుకునే కుర్రాళ్లు ఉంటారు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో కేసు కనిపిస్తే పని ఆగుతుంది. 2023 డిసెంబర్‌లో అమెరికా నుంచి వచ్చిన ఒక ఎన్నారైని పోస్టుల విషయమై ఏపీ సీఐడీ శంషాబాద్ విమానాశ్రయంలోనే ఆపి, విచారణకు రమ్మనే 41ఏ నోటీసు ఇచ్చి పంపింది. ఆ ఒక్క సంఘటన డాలస్, న్యూజెర్సీల్లోని ఎన్ని వాట్సాప్ గ్రూపులను మూగబోయేలా చేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. దీనికి తోడు 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలన్న నిబంధన వచ్చింది. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ భయం, అక్కడ కాన్సులేట్ భయం. మధ్యలో ఉన్నవాడు హీరో పుట్టినరోజు పోస్టర్లు తప్ప ఇంకేం పెట్టడు.

అయితే పోలీసులు అసలు జోక్యమే చేసుకోకూడదనడం కూడా సరికాదు. తెలుగు రాజకీయ సోషల్ మీడియా ఎంత దిగజారిందో చూసినవాళ్లకు ఆ మాట రుచించదు. నాయకుల భార్యలు, కూతుళ్లు, మహిళా ఎమ్మెల్యేలు, మహిళా జర్నలిస్టుల ఫొటోలు మార్ఫింగ్ చేసి, రాయలేని బూతులు రాసే ఖాతాలు అన్ని పార్టీల నీడలోనూ ఉన్నాయి. 2020లో హైకోర్టు న్యాయమూర్తులనే తిడుతూ వచ్చిన పోస్టుల మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 49 మందికి కోర్టు ధిక్కరణ నోటీసులిచ్చి, చివరికి దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బూతు అభిప్రాయం కాదు, చంపుతామనే బెదిరింపు అంతకన్నా కాదు. వీటికి చట్టంలో సెక్షన్లు కొదవ లేవు: అసభ్య సామగ్రికి ఐటీ చట్టంలో 67, ఆన్‌లైన్‌లో వెంటపడి వేధించడానికి న్యాయ సంహితలో 78, మహిళ గౌరవాన్ని భంగపరిచే మాటకు 79. కావలసింది వాటిని సమానంగా వాడటమే. మార్ఫింగ్ ఫొటోతో స్టేషన్‌కు వెళ్లిన మామూలు అమ్మాయికి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టుకోమని చెప్పి పంపే వ్యవస్థ, నాయకుడి మీద వచ్చిన మీమ్‌కు తెల్లవారకముందే తలుపు తడుతుంది. జనానికి ఒళ్లు మండేది అక్కడ. విమర్శనూ బూతునూ ఒకే గాటన కట్టడం వల్ల లాభపడేది బూతులు రాసేవాళ్లే. వాళ్లు కూడా స్వేచ్ఛ పేరు చెప్పుకుని బయటికి వస్తారు.

కోర్టులు ఈ మధ్య కాస్త గట్టిగానే స్పందిస్తున్నాయి. 2024 మార్చిలో కొల్హాపుర్ ప్రొఫెసర్ వాట్సాప్ స్టేటస్ కేసును కొట్టేస్తూ, పోలీసులకు భావప్రకటనా స్వేచ్ఛ గురించి నేర్పించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ వాడిన కొలమానం స్వాతంత్ర్యానికి ముందు నాగపూర్ హైకోర్టు ఇచ్చింది: మాట ప్రభావాన్ని వివేకం, ధైర్యం ఉన్న మనిషి దృష్టి నుంచి అంచనా వేయాలి, ప్రతి మాటలోనూ ప్రమాదాన్ని చూసే బలహీనుడి దృష్టి నుంచి కాదు. 2025 మార్చి 28న ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవిత మీద జామ్‌నగర్‌లో పెట్టిన కేసును జస్టిస్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం కొట్టేసింది. జస్టిస్ భూయాన్ అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే మాటల నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేశాకే ఎఫ్‌ఐఆర్ రాయడం సముచితమని ఆ తీర్పు చెప్పింది. నేర విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టం నాగరిక్ సురక్షా సంహితలోని 173(3) ఈ వెసులుబాటు ఇస్తోంది.

దాని ఆధారంగా అదే ఏడాది జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. సోషల్ మీడియా కేసుల్లో రిమాండ్ ఇచ్చే ముందు ఈ తీర్పునూ, ఏడేళ్ల లోపు శిక్షల కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దన్న 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పునూ పాటించాలని, లేకపోతే శాఖాపరమైన విచారణ తప్పదని హెచ్చరించింది. సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ముఖ్యమంత్రిని విమర్శించిన ట్వీట్ల మీద పెట్టిన మూడు ఎఫ్‌ఐఆర్‌లను కొట్టేస్తూ పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా అని ముందు చూడాలి. పరువు నష్టమైతే మేజిస్ట్రేట్ దగ్గరికి పంపాలి. హింసను రెచ్చగొట్టే మాట కాకపోతే రాజకీయ విమర్శ జోలికి పోకూడదు. సందేహం ఉంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ సలహా తీసుకోవాలి. ట్యాగ్ చేసి కేసు పెట్టించే కార్యకర్తకు నిజంగా అడ్డుపడగల నిబంధన వీటిలో మొదటిదే.

ఒక తేడా గమనించాలి. ఆంధ్ర సర్క్యులర్ మేజిస్ట్రేట్లకు, తెలంగాణ మార్గదర్శకాలు పోలీసులకు. ఆంధ్రలో రిమాండ్ దగ్గర ఆగినా అప్పటికే మనిషి ఒక రాత్రి స్టేషన్‌లో గడిపి ఉంటాడు. తెలంగాణలో ఎఫ్‌ఐఆర్ దగ్గరే ఆగాలి, కానీ ఆగకపోతే సదరు అధికారికి ఏమవుతుంది అన్నదానికి సమాధానం లేదు. రెండు చోట్లా కేసు కొట్టేసిన తర్వాత పోగొట్టుకున్న రోజులకు పరిహారం లేదు.

ఈ రక్షణలన్నిటినీ ఒక్క దెబ్బతో పక్కన పెట్టే దారి కూడా అప్పటికే తెరిచి ఉంది. 14 రోజుల ప్రాథమిక విచారణ, అరెస్టుకు ముందు నోటీసు అన్నవి ఏడేళ్ల శిక్ష గీత చుట్టూ కట్టినవి. న్యాయ సంహితలోని 111, అంటే వ్యవస్థీకృత నేరం, ఆ గీతకు అవతల ఉంది. ఎవరి ప్రాణమూ పోకపోయినా దాని కింద కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. కిడ్నాపులు, కిరాయి హత్యలు, భూకబ్జాల ముఠాల కోసం రాసిన సెక్షన్ అది. గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు దాఖలై కోర్టు స్వీకరించి ఉంటేనే వర్తిస్తుందని అందులోనే ఉంది. అయినా ఆంధ్రలో 2024 చివర్లో సోషల్ మీడియా కేసుల్లో దాన్ని వాడారు, తెలంగాణలో ఆ ఇద్దరు జర్నలిస్టుల కేసులోనూ చేర్చారు. ఇలాంటి కేసు వార్త వచ్చినప్పుడు పోస్టులో ఏముందో అందరూ వెతుకుతారు. ముందుగా చూడాల్సింది ఎఫ్‌ఐఆర్‌లో 111 ఉందా లేదా అన్నది. ఉంటే, ఏ రెండు చార్జిషీట్ల ఆధారంగా పెట్టారో మొదటి రిమాండ్ రోజునే కోర్టులో అడగాలి.